నాలుగు డాలర్లకు దొరికిన రమోనా: ఎన్.సి. వైయెత్ తైలవర్ణ చిత్రం కథ

పాతపుస్తకాల సంచి (చర్చ ప్రారంభం)

మిత్రులకు నమస్కారం. ఒక్క బొమ్మ గురించి మాట్లాడుకుందామని ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

అమెరికాలో న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలోని మాంచెస్టర్. 2017లో ఒకావిడ అక్కడి సేవర్స్ అనే పాత సామాన్ల దుకాణంలో ఫ్రేముల కోసం వెతుకుతున్నారు. పాత ఫ్రేము తీసుకుని, లోపలి బొమ్మ పారేసి, తనకు కావలసినది బిగించుకోవాలని ఆమె ఆలోచన. గోడవార చేరేసిన చిరిగిన పోస్టర్ల మధ్య దుమ్ము పట్టిన ఒక ఫ్రేము చేతికి తగిలింది. మిగతావాటికంటే బరువుగా ఉంది. నాలుగు డాలర్లు ఇచ్చి ఇంటికి తెచ్చుకున్నారు. ఇది నిజమైన బొమ్మేనేమో అని ఇంట్లో నవ్వుకున్నారు, అంతర్జాలంలో వెతికారు, ఏమీ తేలలేదు. కొన్నాళ్లు పడకగదిలో వేలాడింది. ఆ తర్వాత అలమరలోకి వెళ్లిపోయింది.

2023 మే నెలలో ఇల్లు సర్దుతుంటే మళ్లీ బయటికి వచ్చింది. గోడల్లో, అటకల మీద దొరికిన వింత వస్తువుల గురించి మాట్లాడుకునే ఒక ఫేస్‌బుక్ పేజీలో ఆవిడ ఫొటోలు పెట్టారు. వైయెత్ అనే చిత్రకారుల కుటుంబపు బొమ్మల మీద పనిచేసిన ఒక నిపుణురాలు వాటిని చూసి, మెయిన్ రాష్ట్రం నుంచి కారు నడుపుకుంటూ వచ్చి బొమ్మను పరీక్షించారు. అది ఎన్.సి. వైయెత్ వేసిన తైలవర్ణ చిత్రం. హెలెన్ హంట్ జాక్సన్ రాసిన ‘రమోనా’ నవలను 1939లో లిటిల్ బ్రౌన్ సంస్థ మళ్లీ అచ్చువేసినప్పుడు ఆయన నాలుగు రంగుల బొమ్మలు వేశారు. వాటిలో ఇది పేరు పేజీకి ఎదురుగా ఉండే బొమ్మ. నాలుగింటిలో అంతకుముందు ఆచూకీ తెలిసినది ఒక్కటే.

అచ్చులో వేలమంది చూసిన బొమ్మ అసలు ప్రతి అన్నేళ్లు ఎవరికంటా పడకుండా ఎలా ఉండిపోయింది? ఈ ప్రశ్న నన్ను నెల రోజులుగా వదలడం లేదు. తెలిసినవాళ్లు రాయండి.

లెక్కల పుస్తకం

చివరికి ఎంతకు అమ్ముడుపోయింది?

పాతపుస్తకాల సంచి

2023 సెప్టెంబరు 19న బోనమ్స్ స్కిన్నర్ వేలంలో 1,91,000 డాలర్లు పలికింది. అందులో కొన్నవారు వేలం సంస్థకు ఇచ్చే రుసుము కూడా కలిసి ఉంది. సంస్థ ముందుగా వేసుకున్న అంచనా ఒకటిన్నర లక్షల నుంచి రెండున్నర లక్షల డాలర్ల వరకు. మన లెక్కలో కోటిన్నర రూపాయల పైమాట. పత్రికలన్నీ అక్కడితో కథ ముగించాయి. కానీ పాట పాడినవారు డబ్బు కట్టలేదు. ఆ విషయం నెలల తర్వాత బయటికి వచ్చింది. నాలుగు డాలర్లకు కొన్నావిడకు ఆ సెప్టెంబరు పాట వల్ల చేతికి అందిందేమీ లేదు.

ధర గురించి అడిగినందుకు తప్పుపట్టను. అయితే ఈ చర్చ ధర దగ్గర ఆగిపోకూడదని నా కోరిక.

కొత్త చదువరి

వైయెత్ అంటే పొలంలో కూర్చున్న అమ్మాయి వీపు కనిపించే బొమ్మ వేసినాయనేనా? ఆయన పుస్తకాలకు కూడా బొమ్మలు వేశారా?

బ్రాండీవైన్ ఒడ్డు

ఆ బొమ్మ కొడుకుది. ఆండ్రూ వైయెత్ 1948లో వేసిన ‘క్రిస్టినాస్ వరల్డ్’. మనం మాట్లాడుకుంటున్నది ఆయన తండ్రి న్యూవెల్ కాన్వర్స్ వైయెత్ గురించి. మనవడు జేమీ వైయెత్ కూడా చిత్రకారుడే.

నేను డెలావేర్ రాష్ట్రంలోని విల్మింగ్టన్‌లో పదకొండేళ్లుగా ఉంటున్నాను. ఆయన ఊరు చాడ్స్ ఫోర్డ్ మా ఇంటికి కారులో అరగంట కూడా పట్టదు. అందుకని నాకు తెలిసింది రాస్తాను.

ఎన్.సి. వైయెత్ 1882లో మసాచుసెట్స్‌లోని నీడమ్‌లో పుట్టారు. 1902లో విల్మింగ్టన్ వచ్చి హోవర్డ్ పైల్ దగ్గర శిష్యరికం చేశారు. పైల్ అప్పటికే అమెరికాలో పేరు మోసిన పుస్తక చిత్రకారుడు. సముద్రపు దొంగలంటే ఈనాటికీ మన కళ్ల ముందు మెదిలే ఆ తలగుడ్డ, నడుముకు చుట్టిన ఎర్రని వస్త్రం చాలావరకు ఆయన కుంచె నుంచి వచ్చినవే. శిష్యుల దగ్గర ఫీజు తీసుకునేవారు కాదు. మరుసటి సంవత్సరమే, 1903 ఫిబ్రవరిలో, శిష్యుడైన వైయెత్ బొమ్మ సాటర్డే ఈవెనింగ్ పోస్ట్ పత్రిక ముఖచిత్రంగా వచ్చింది. రౌతును కింద పడేయాలని ఎగిరెగిరి పడుతున్న గుర్రం బొమ్మ అది. అప్పటికి ఆయనకు ఇరవై ఏళ్లు.

1911లో స్క్రిబ్నర్స్ అనే ప్రచురణ సంస్థ వారు స్టీవెన్‌సన్ ‘ట్రెజర్ ఐలండ్’ కు బొమ్మలు వేయమన్నారు. పదిహేడు కాన్వాసులు వేశారు. ఒక్కొక్కటి దాదాపు 47 అంగుళాల ఎత్తు, 38 అంగుళాల వెడల్పు. పుస్తకంలో అరచేయి అంత కనిపించే బొమ్మ అసలు చూస్తే పదేళ్ల పిల్లవాడంత ఎత్తు ఉంటుంది. ఆ పనికి వచ్చిన 2,500 డాలర్లు ఆధారంగా చాడ్స్ ఫోర్డ్‌లో పద్దెనిమిది ఎకరాలు కొని ఇల్లు, స్టూడియో కట్టుకున్నారు.

పాతపుస్తకాల సంచి

‘ట్రెజర్ ఐలండ్’ కు నండూరి రామమోహనరావు గారి అనువాదం ‘కాంచన ద్వీపం’ తోనే నేను ఆ కథలోని కుర్రాడు జిమ్ హాకిన్స్‌ను మొదట కలుసుకున్నాను. వైయెత్ బొమ్మలున్న ఇంగ్లీషు ప్రతి ఇరవై ఏళ్ల తర్వాత ఆబిడ్స్ ఆదివారపు సంతలో దొరికింది. గుడ్డివాడు ప్యూ కర్ర తాటిస్తూ వచ్చే బొమ్మ చూసి అక్కడే పేవ్‌మెంట్ మీద కూర్చుండిపోయాను. చిన్నప్పుడు నేను ఊహించుకున్న భయమంతా అందులో ఉంది.

బ్రాండీవైన్ ఒడ్డు

ఆ బొమ్మలో ప్యూ వెనక కనిపించే ఇల్లు నీడమ్‌లో వైయెత్ పుట్టి పెరిగిన ఇల్లే. ఇంగ్లండు సముద్రతీరపు సత్రానికి సొంత ఇంటిని నమూనాగా తీసుకున్నారు.

నీటిరంగు

నేను బడిలో చిత్రలేఖనం చెబుతాను. ఒక మాట అనాలని ఉంది, ఎవరూ నొచ్చుకోవద్దు.

రచయిత చెప్పిన ఘట్టం, ప్రచురణకర్త చెప్పిన కొలత, చెప్పిన గడువు. ఈ మూడింటి మధ్య వేసిన బొమ్మను, చిత్రకారుడు తన కోసం తాను వేసుకున్న బొమ్మ పక్కన పెట్టడం నాకు కుదరదు. పైగా ఇది నా అభిప్రాయం మాత్రమే కాదు. వైయెత్ జీవితమంతా బాధపడింది ఈ విషయం గురించే. చిత్రకళ, పుస్తక చిత్రణ రెండూ ఒక ఒరలో ఇమడవని ఆయన యువకుడిగా ఉన్నప్పుడే ఉత్తరాల్లో రాసుకున్నారు. ప్రకృతి దృశ్యాలు, రైతుల బొమ్మలు వేసి గ్యాలరీల్లో పెట్టారు. కానీ లోకం ఆయనను సముద్రపు దొంగల బొమ్మలవాడిగానే గుర్తు పెట్టుకుంది. బొమ్మ వేసినాయనే ‘ఇది నా అసలు పని కాదు’ అనుకున్నప్పుడు, అది అలమరలోకి చేరడంలో ఆశ్చర్యం ఏముంది?

అచ్చుకూటం

నీటిరంగు గారూ, మీ మాట వింటుంటే నా పాత ఉద్యోగం గుర్తొచ్చిందమ్మా. విజయవాడలో ముప్పై నాలుగేళ్లు అచ్చు పనిలో ఉన్నాను. మొదటి పదేళ్లు బ్లాకుల తయారీలోనే. బొమ్మల అసలు ప్రతులు ఎలా మాయమవుతాయో కళ్లారా చూసినవాణ్ణి కాబట్టి రాస్తున్నాను.

రంగుల బొమ్మ వస్తే ముందు కెమెరా గదికి వెళ్లేది. రంగుటద్దాలు ఒక్కొక్కటే మార్చి మూడుసార్లు, నలుపు కోసం మరోసారి ఫొటో తీసేవాళ్లం. మధ్యలో సన్నని గళ్ల గాజు తెర ఉంటుంది. దానివల్ల బొమ్మ లెక్కలేనన్ని చుక్కలుగా విడిపోతుంది. ముదురు చోట పెద్ద చుక్క, లేత చోట చిన్న చుక్క. ఆ చుక్కలను రాగి రేకు మీదికి దించి, యాసిడ్‌లో పెడితే చుక్క లేని చోట లోహం తినేసి బ్లాకు తయారయ్యేది. రంగుకొక బ్లాకు. పసుపు, ఎరుపు, నీలం, నలుపు ఒకదాని మీద ఒకటి సరిగ్గా పడితే కాగితం మీద బొమ్మ తేలుతుంది. 1911లో అయినా 1939లో అయినా అమెరికాలోనూ పని తీరు ఇంతే. వాళ్ల యంత్రాలు మెరుగు, అంతే తేడా.

ఇప్పుడు అసలు సంగతి. బ్లాకు తయారైన క్షణం నుంచి ప్రెస్సు దృష్టిలో విలువైన వస్తువు బ్లాకే. దాన్ని పాత దినపత్రికలో చుట్టి, నంబరు వేసి, బీరువాలో పెట్టి తాళం వేసేవాళ్లం. మళ్లీ ముద్రణ వస్తే కావాలి కదా. అసలు బొమ్మ? కెమెరా గదిలో ఒక మూల దొంతరగా ఉండేది. వేసినాయన అడిగితే ఇచ్చేవాళ్లం. చాలామంది అడిగేవారు కాదు. వానకాలం ముందు గది శుభ్రం చేసేటప్పుడు ఆ దొంతర ఎక్కడికి పోయేదో ఎవరూ పట్టించుకోలేదు. ఒకసారి ఒక మంచి చిత్రకారుడి ముఖచిత్రం వెనకవైపున పార్సిళ్ల లెక్క రాసి ఉండడం చూశాను. ఆ రోజు నేను దాన్ని ఇంటికి తీసుకెళ్లి ఉంటే బాగుండేది. తీసుకెళ్లలేదు. అందుకని ఆ నాలుగు డాలర్ల దుకాణం మాట వింటే నాకు ఆశ్చర్యం కలగలేదు, గుండె కలుక్కుమంది.

పాతపుస్తకాల సంచి

అచ్చుకూటం గారూ, నేను అడిగిన ప్రశ్నకు సగం జవాబు మీరే ఇచ్చారు. మిగతా సగం ఊహ. ప్రచురణ సంస్థ ఈ బొమ్మను తమ సంపాదకుల్లో ఒకరికో, రచయిత్రి వారసులకో కానుకగా ఇచ్చి ఉండవచ్చని వేలం సంస్థ అనుకుంది. అక్కడినుంచి ఎన్ని ఇళ్లు మారి పాత సామాన్ల దుకాణానికి చేరిందో ఆ పలకకే తెలియాలి. పలక అని ఎందుకన్నానంటే ఇది కాన్వాసు కాదు. రినైసాన్స్ ప్యానెల్ అని అప్పట్లో చిత్రకారుల కోసం తయారుచేసి అమ్మిన గట్టి అట్ట లాంటి పలక. ఆవిడ చేతికి బరువుగా తగిలింది అందుకే. ఆ బరువే దాన్ని కాపాడింది. పలచటి కాగితమైతే ఫ్రేము ఉంచుకుని బొమ్మ చెత్తలో వేసేవారు.

కాంతిరేఖ

నీటిరంగు గారి వాదనకు బలం చేకూర్చే ఉదంతం ఒకటి నా దగ్గరుంది. ఆ తర్వాత దాన్నే తిరగేస్తాను.

నేను పదార్థాల మీద ఎక్స్-రే పరిశోధన చేసే ప్రయోగశాలలో పనిచేశాను కాబట్టి ఇది మా వాళ్లందరికీ తెలిసిన కథ. 1919లో ఎవ్రీబడీస్ మ్యాగజైన్ అనే పత్రికలో ‘ది మైల్డెస్ట్ మ్యానర్డ్ మ్యాన్’ అనే కథకు వైయెత్ బొమ్మలు వేశారు. ఒకదానిలో ఇద్దరు ముష్టియుద్ధం చేస్తుంటారు. పత్రికలో అది నలుపు తెలుపుల్లో అచ్చయింది. అసలు బొమ్మ పోయిందనే అందరూ అనుకున్నారు. అది పోలేదు. వైయెత్ కొన్నేళ్లకు అదే కాన్వాసు మీద తన కుటుంబ చిత్రం వేసేశారు. పోట్లాట అడుగున ఉండిపోయింది, పైన భార్యాపిల్లలు.

మామూలు ఎక్స్-రే తీస్తే పొరలన్నీ ఒకదాని మీద ఒకటి కలిసిపోయి కనిపిస్తాయి. పైనున్న ముఖం, కిందనున్న పిడికిలి విడదీయలేం. వింటర్‌తూర్ మ్యూజియం, డెలావేర్ విశ్వవిద్యాలయాలకు చెందిన జెనిఫర్ మాస్ బృందం కార్నెల్ విశ్వవిద్యాలయంలోని సింక్రోట్రాన్ (చాలా తీవ్రమైన ఎక్స్-రే కిరణాలను పుట్టించే పెద్ద యంత్రం) దగ్గర మరో పద్ధతి వాడింది. లోపలికి పంపే కిరణాన్నీ, బయటికి వచ్చే కిరణాన్ని పట్టే పరికరాన్నీ రెండింటినీ ఒకే సూక్ష్మ బిందువు మీద కేంద్రీకరిస్తారు. ఆ బిందువును రంగు పొరల్లో పైకీ కిందికీ జరుపుతూ పోతే ఏ లోతులో ఏ మూలకం ఉందో తెలుస్తుంది. పాదరసం కనిపిస్తే వెర్మిలియన్ ఎరుపు, కాడ్మియం కనిపిస్తే పసుపో నారింజో, కోబాల్టు అయితే నీలం. 2007 ఆగస్టులో బోస్టన్‌లో అమెరికన్ కెమికల్ సొసైటీ సభలో దీన్ని వివరించారు. నలుపు తెలుపుల్లో మాత్రమే లోకానికి తెలిసిన బొమ్మ రంగులు ఎనభై ఏళ్లకు పైగా గడిచాక మళ్లీ తెలిశాయి, పైనున్న కుటుంబానికి గీత కూడా పడకుండా.

నీటిరంగు

అంటే నా మాటే నిజమైంది కదా. అచ్చయిపోయిన బొమ్మను ఆయనే వాడి పారేసిన గుడ్డలా చూశారు. దాని మీద తన వాళ్ల బొమ్మ వేసుకున్నారు. ఏది ముఖ్యమో ఆయనే చెప్పినట్టు.

కాంతిరేఖ

తిరగేస్తానని చెప్పాను కదండీ. పత్రిక రంగుల్లో అచ్చువేయదని ఆయనకు తెలిసి ఉండాలి. అయినా అడుగు పొరలో రంగులున్నాయి. అచ్చులో బూడిదరంగుగా మారిపోయే చోట కూడా ఎరుపు ఎరుపుగానే వేశారు. అచ్చు కోసం మాత్రమే వేసేవారైతే నలుపు తెలుపులతో సరిపెట్టుకుని సగం శ్రమ మిగుల్చుకోవచ్చు. ఎవరూ చూడని రంగు ఎవరి కోసం వేశారు?

నీటిరంగు

ఈ మాటకు వెంటనే జవాబు చెప్పలేను. ఆలోచిస్తాను.

లెక్కల పుస్తకం

ఆయన బొమ్మలు దొంగతనాలకు కూడా గురయ్యాయని చదివాను. నిజమా?

బ్రాండీవైన్ ఒడ్డు

నిజమే. 2013లో మెయిన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్‌లో ఒకరి సొంత సేకరణ నుంచి ఎన్.సి. వైయెత్ బొమ్మలు ఆరు పోయాయి. 2014 చివర్లో నాలుగు కాలిఫోర్నియాలోని బెవర్లీ హిల్స్‌లో తాకట్టు దుకాణంలో దొరికాయి. మిగిలిన రెండూ 2015లో ఎఫ్‌బీఐ చేతికి వచ్చాయి. ఆ తర్వాత ఆరింటినీ పోర్ట్‌లాండ్ మ్యూజియంలో జనానికి చూపించారు.

ఆయన గురువు బొమ్మకు అంత అదృష్టం లేదు. హోవర్డ్ పైల్ 1897లో వేసిన ‘బంకర్ హిల్ యుద్ధం’ మా విల్మింగ్టన్‌లోని డెలావేర్ ఆర్ట్ మ్యూజియానికి చెందినది. ఎర్ర కోట్ల సైనికులు పచ్చగడ్డి కొండ మీదికి వరుసలు కట్టి నడుస్తుంటారు. 2001 నుంచి అది కనిపించడం లేదు. ఈ మ్యూజియం పుట్టిందే పైల్ కోసం. 1911 నవంబరులో ఆయన ఫ్లారెన్స్‌లో చనిపోతే, ఊరివాళ్లు ఆయన బొమ్మలు చెదిరిపోకూడదని 1912లో సంఘం పెట్టుకుని కొన్నారు. అలాంటి చోటినుంచే అది పోవడం మా ఊరికి ఇంకా మానని దెబ్బ.

కొత్త చదువరి

రమోనా కథ ఏమిటి? ఆ బొమ్మలో ఏముంది? అందరూ బొమ్మ ఎక్కడెక్కడ తిరిగిందో చెబుతున్నారు, బొమ్మ గురించి ఎవరూ చెప్పలేదు.

పాతపుస్తకాల సంచి

చాలా మంచి ప్రశ్న. ముందే చెప్పాల్సింది నేనే.

మెక్సికోతో యుద్ధం ముగిసి కాలిఫోర్నియా అమెరికా చేతికి వచ్చిన తర్వాతి కాలం. రమోనా తండ్రి స్కాట్లండు మనిషి, తల్లి అక్కడి మూలవాసి. అనాథ అయిన ఆ పిల్లను సెనోరా మొరెనో అనే సంపన్న వితంతువు తన పెద్ద ఇంట్లో పెంచుతుంది. అన్నం పెడుతుంది, బట్టలు ఇస్తుంది, ప్రేమ మాత్రం ఇవ్వదు. గొర్రెల ఉన్ని కత్తిరించడానికి వచ్చిన మూలవాసుల బృందానికి నాయకుడు అలెసాండ్రో. రమోనా అతన్ని ప్రేమించి ఇల్లు విడిచి వెళుతుంది. ఆ తర్వాత ప్రతి ఊళ్లోనూ వాళ్ల భూమిని కొత్తగా వచ్చిన తెల్లవాళ్లు లాగేసుకుంటూ ఉంటే, ఒక చోటు నుంచి మరో చోటుకి పారిపోవడమే వాళ్ల జీవితం.

హెలెన్ హంట్ జాక్సన్ 1881లో మూలవాసులతో ప్రభుత్వం చేసుకున్న ఒప్పందాలను ఎలా తుంగలో తొక్కిందో లెక్కలతో సహా పుస్తకం రాసి అమెరికా చట్టసభ కాంగ్రెస్ సభ్యులకు పంపారు. కదలిక రాలేదు. లెక్కలు కదిలించలేని మనసులను కథ కదిలిస్తుందేమోనని 1884లో ‘రమోనా’ రాశారు. మరుసటి ఏడాదే చనిపోయారు. జనం ప్రేమకథను గుండెలకు హత్తుకున్నారు గానీ, భూముల మాట చాలామంది వదిలేశారు.

ఇప్పుడు బొమ్మ సంగతి. వైయెత్ ప్రేమికులను ఎంచుకోలేదు. పుస్తకం తెరవగానే కనిపించే చోట రమోనాను, సెనోరా మొరెనోను పెట్టారు. పెంచిన చేతికి, పెరిగిన పిల్లకు మధ్య ఉద్రిక్తత. పాఠకుడు మొదటి వాక్యం చదవకముందే ఈ ఇంట్లో ఈ పిల్లకు చోటు లేదని అర్థమైపోతుంది. ఆ ఎంపిక రచయిత్రిది కాదు, అప్పటికి ఆమె పోయి యాభై నాలుగేళ్లయింది. నీటిరంగు గారూ, మీరు అన్న కొలత, గడువు రెండూ నిజమే. కానీ ఏ క్షణాన్ని ఆపి చూపించాలన్నది చిత్రకారుడి తీర్పు. నవల మొత్తం చదివి, అందులో కథకు మూలం ఏదో పట్టుకున్నవాడే ఈ బొమ్మ వేయగలడు.

నీటిరంగు

రెండు రోజులు ఆలోచించాను. ఘట్టం ఎంచుకోవడంలో స్వేచ్ఛ ఉందని ఒప్పుకుంటున్నాను. మా పిల్లలకు కథ ఇచ్చి బొమ్మ వేయమంటే అందరూ ఒకే ఘట్టం వేస్తారు, ఒక్కరో ఇద్దరో మాత్రం వేరే చోట ఆగుతారు. ఆ ఇద్దరి మీద నా కన్ను పడుతుంది. అయినా వైయెత్ బాధను మనం కొట్టిపారేయకూడదు. తాను వేయాలనుకున్న బొమ్మలు వేయలేకపోయానన్న దుఃఖం ఆయనకు చివరిదాకా ఉంది.

బ్రాండీవైన్ ఒడ్డు

అవును. 1945 అక్టోబరులో చాడ్స్ ఫోర్డ్ దగ్గర రైలు పట్టాలు దాటుతుండగా ఆయన కారును రైలు ఢీకొంది. ఆయనతో పాటు పక్కన కూర్చున్న చిన్న మనవడు కూడా పోయాడు. అప్పటికి స్టూడియోలో జార్జి వాషింగ్టన్‌ను రైతుగా చూపించే బొమ్మ సగంలో ఉంది.

నిన్న ఆదివారం, మీ అందరి మాటలూ చదివాక ఇంట్లో ఉండలేకపోయాను. మా అమ్మాయిని తీసుకుని బ్రాండీవైన్ మ్యూజియానికి వెళ్లాను. నది ఒడ్డున పాత పిండిమరను మ్యూజియంగా మార్చి 1971లో తెరిచారు. జిమ్ హాకిన్స్ తల్లికి వీడ్కోలు చెప్పి ఇల్లు విడిచే బొమ్మ అక్కడ ఉంది. మా అమ్మాయి పుస్తకం తెరిచి పట్టుకుని, పేజీనీ గోడనూ మార్చి మార్చి చూసింది. పేజీలో తల్లి అంటే వెనకాల ఎక్కడో ఒక చిన్న తెల్లటి మచ్చ. కాన్వాసు మీద ఆమె ముఖానికి ఎత్తుకున్న ఏప్రన్ మడతలు లెక్కపెట్టవచ్చు. జిమ్ మన వైపు నడిచి వస్తున్నాడు, తల్లి ఏడుపు అతనికి కనిపించదు, మనకే కనిపిస్తుంది. ఈ పుస్తకం నేను కనీసం ముప్పైసార్లు తిరగేసి ఉంటాను. తల్లి ఏడుస్తోందని నిన్నే తెలిసింది.

అచ్చుకూటం

బాబూ, నీ రాత చదివి కళ్లు చెమర్చాయి. ఒక్కటి అడుగుతాను. అంచుల్లో పెన్సిల్‌తో కొలతలు, గీతలు ఏమైనా కనిపించాయా? మా కెమెరా గదిలో బొమ్మ ఎంత కుదించాలో అంచునే రాసేవాళ్లం.

బ్రాండీవైన్ ఒడ్డు

అంచులు ఫ్రేము కిందికి వెళ్లిపోయాయండీ, ఎంత వంగినా కనపడలేదు. వైయెత్ స్టూడియో చలికాలంలో మూసి ఉంటుంది. వసంతంలో తెరిచాక వెళ్లి, అక్కడ పనిచేసేవాళ్లను మీ ప్రశ్న అడిగి ఇక్కడే రాస్తాను.